ఆలస్యం గడి

తొమ్మిదింటికి గేటు మూస్తాను.
తొమ్మిదీ పదకొండుకి కోరీ వస్తాడు.
ఉత్తర సముద్రపు గాలి
వాడికంటే ముందే లోపలికి దూరి
నా రిజిస్టరు కాగితాలు తిరగేస్తుంది.

ఆలస్యం గడిలో టిక్కు.
నిన్నా టిక్కు. మొన్నా టిక్కు.
సెప్టెంబరు నుంచి నలభై ఒకటి.
లెక్కలు రాని పిల్లవాణ్ణి
మేం మాత్రం ఎంత చక్కగా లెక్కపెట్టామో!

గ్రిమ్స్‌బీ రేవులో ఇప్పుడు
పడవలకంటే పక్షులే ఎక్కువ.
చేపలు ఎక్కడినుంచో లారీల్లో దిగుతాయి,
కోసే చేతులు మాత్రం ఇక్కడివే.
ఇరవై రెండేళ్ళు నేనూ ఆ వరసలో నిలబడ్డాను
తొడుగుల్లో వేళ్ళు కొయ్యబారేదాకా.
ఆ వాసన సబ్బుకి లొంగదు.
కోరీ కోటు మీద దాన్ని మొదటిరోజే పసిగట్టినదాన్ని,
నోరు విప్పడానికి నవంబరు దాకా ఏం చేస్తున్నట్టు?

"ఎందుకురా ఆలస్యం" అని అడగలేదు.
దానికి వాడి దగ్గర జవాబు కంఠతా ఉంది:
"సారీ మిస్."
"పొద్దున లేచాక
మొట్టమొదట ఏం చేస్తావు?" అన్నాను.
వాడు చాలాసేపు బూట్ల వంక చూశాడు.
"ఐలా సాక్సులు వెతుకుతాను."

ఐలాకి మూడేళ్ళు.
అమ్మ నాలుగున్నరకే షిఫ్టుకి వెళుతుంది.
ఇంట్లో పెద్దదిక్కు అనే మాటకి
మంచం దిగలేని తాత.
నర్సరీ ఊరికి ఆ చివర, మా బడి ఈ చివర,
మధ్యలో ఎనిమిదేళ్ళ వాడి కాళ్ళు.

ఆ శుక్రవారం మీటింగులో
గోడ మీద రంగుల పట్టిక వెలిగింది.
కోరీ హెబుల్‌వైట్, ఎర్ర గడి.
వెనకబడినవాడట.
టీ కలిపే మనిషిని, మధ్యలో మాట్లాడకూడదు,
అయినా అనేశాను:
వెనకబడడమేమిటి,
మనందరికంటే మూడు గంటల ముందు బయల్దేరాడు వాడు.

హెడ్మిస్ట్రెస్ ఓగ్డెన్ గారు పెన్ను మూత పెట్టి,
తీసి, మళ్ళీ పెట్టారు.
కొత్త టాబ్లెట్ల కోసం దాచిన డబ్బు ఉంది.
టాబ్లెట్లు ఆగాయి.
ఏడూ నలభైకి తలుపు తెరుచుకుంది.
చిన్నపిల్లల గదిలో ఐలాకి ఒక కొక్కెం దొరికింది,
దానికి బాతు బొమ్మ.
స్టోర్ రూములో, పాత గ్లోబుల పక్కన,
ఒక బట్టలుతికే మెషీను.
ఎవరి కోటు ఎప్పుడు అందులోకి వెళ్ళిందో
ఎవరూ రాసుకోరు. ఆ ఒక్కదానికీ రిజిస్టరు లేదు.

ఇక చదువు.
రోజూ పావుగంట, అదే కుర్చీ, అదే నేను.
జ్వరమొచ్చినా మనిషి మారకూడదని నా పంతం.
మనుషులు మారిపోవడం వాడు చాలా చూశాడు.
ఒకరోజు "కత్తి" దగ్గర ఆగాడు.
మా ఇంగ్లీషులో ఆ మాట మొదట
ఒక అక్షరం ఊరికే నిలబడుతుంది, పలకదు.
"ఏ పనీ చెయ్యనిది అక్కడెందుకు, మిస్?"
తీసేసి రాయమన్నాను.
రాశాడు. తల అడ్డంగా ఊపాడు.
"మా అమ్మ దగ్గర మూడున్నాయి" అంటూ
ఆ మూగ అక్షరాన్ని
మళ్ళీ తెచ్చి దాని చోట కూర్చోబెట్టాడు,
కాస్త పెద్దదిగా.

అన్నీ ఇలా ఒడ్డున పడలేదు.
సాస్కియా అనే పిల్ల
జనవరిలో రాత్రికి రాత్రి ఇల్లు మారింది.
ఏ ఊరో చెప్పినవాళ్ళు లేరు.
సగం చదివిన పుస్తకంలో
ఆమె పెట్టిన బస్సు టికెట్టు అలాగే ఉంది.
ఆ అమ్మాయిని నేనేమీ అడగలేదు.
వేళకే వచ్చేది మరి.

కోరీ ఇప్పటికీ క్లాసులో మొదటివాడేం కాదు.
ఏడో ఎక్కం దగ్గర జారుతుంటాడు.
పట్టికలో ఎరుపు పోయి నారింజ వచ్చింది, అంతే.

నిన్న బస్సు రాక,
రాత్రి నిద్రా లేక,
నేనే ఎనిమిదింపావుకి చేరాను.
గేటు దగ్గర వాడు, చేతిలో సగం కొరికిన టోస్టు.
నన్ను కిందినుంచి పైకి చూసి
మెల్లిగా అడిగాడు:
"పొద్దున లేచాక
మొట్టమొదట ఏం చేస్తారు, మిస్?"

జవాబు పొడుగు.
మెట్టు మీద కూర్చున్నాను.